పెట్టుడు మందు

జూన్ 10, 2024, సోమవారం

అయిన పనులు: ఇడ్లీ పిండి రుబ్బడం. బట్టలు రెండు బాల్చీలు. గుడి దగ్గర మా పూజసామాన్ల షాపుకి కొబ్బరికాయలు దిగాయి, నాలుగు వందలు లెక్కపెట్టి తీసుకున్నాను, పగిలినవి తొమ్మిది వెనక్కి పంపాను. వంట రెండుసార్లు. అత్తకి స్నానం, జడ, మూడు పూటలా మాత్రలు. కుంకం పొట్లాలు నూట ఎనభై, అన్నీ నేనే కట్టాను.

కాని పని: మేడ మీద ట్యాంకు కడగడం. అత్త పనులతోనే పొద్దు పోయింది.

మంచం దిగి బాత్రూం గుమ్మం దాకా రావడానికి అత్తకి ఇవాళ పద్నాలుగు నిమిషాలు పట్టింది. గోడ గడియారం చూసి రాస్తున్నాను, ఊహించి కాదు. అంతా కలిపి పది అడుగుల దూరం. గుమ్మం దగ్గర ఆగిపోయింది. వెనక నుంచి "నడు అత్తా" అంటే కాళ్ళు ఉన్నచోటే టకటకలాడాయి గానీ ముందుకి పడలేదు.

కానీ మొన్న వాన మొదలైతే అదే మనిషి వడియాల కోసం మేడ మెట్లు ఎక్కేసింది. మెట్టు తర్వాత మెట్టు, ఎక్కడా ఆగలేదు. మెట్లు ఎక్కే కాళ్ళు చదును నేల మీద కదలవంటే నేను నమ్మాలి. పద్నాలుగు నిమిషాలు నిలబడి నమ్మాలి.

జూన్ 11

మధ్యాహ్నం మాత్ర ఉమ్మేసింది. మంచం కింద దొరికింది. ఇంకోటి వేశాను.

జూన్ 19, బుధవారం

భోజనం గంటా పది నిమిషాలు. చెయ్యి కంచంలోంచి లేవడానికి ఒక ఆలోచన, నోటి దాకా రావడానికి ఇంకో ఆలోచన. సగం అన్నం ఒళ్ళో. పెదవి చివర నుంచి చొంగ. నేను కలిపి పెడతానంటే నోరు బిగించింది.

ముఖం చూస్తే ఒళ్ళు మండుతుంది. నేను ఏం చెప్పినా అదే ముఖం. నవ్వదు, ఏడవదు, తిట్టదు, రెప్ప కూడా వెయ్యదు. ఇరవై ఆరేళ్ళ కిందట నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు వీధి మొత్తానికి వినిపించేలా నవ్విన మనిషి. ఇప్పుడు నన్ను చూసేసరికి చెక్కలా అయిపోతుంది. నా మీద ఉన్న అయిష్టం అంతా ముఖాన పెట్టుకుని కూర్చుంటుంది.

మాట కూడా అంతే. గొంతులోనే గొణుగుతుంది. ఏమిటని అడిగితే మళ్ళీ అంతకన్నా తగ్గించి గొణుగుతుంది.

ఈయన షాపు నుంచి వచ్చాక చెప్పాను. "డెబ్బై రెండేల్ల ముసల్దే. నీలాగ గంతులెయ్యమంటావేటి?" అన్నారు.

నేను గంతులు వేస్తున్నానట.

నేను రోజూ లెక్కలు రాసుకునే పాత పుస్తకాలు తీసి చూశాను. కుంకం పొట్లాలు కట్టడంలో అరసవల్లి మొత్తం మీద అత్తకి సాటి లేదు. కాగితం మడత, కుంకం చిటికెడు, మళ్ళీ మడత, చివర లోపలికి. 2021 రథసప్తమికి గంటకి మూడు వందలు కట్టింది. 2022 దసరాకి నూట ఇరవై. 2023 ఉగాదికి నలభై. ఇప్పుడు ఇస్తే కాగితం పట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ మాత్ర నలిపినట్టు ఆడించుకుంటూ కూర్చుంటుంది. ఇవన్నీ రాసి ఉంచాను. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు అడుగుతారు, ఎవరు చేశారు, ఎవరు చెయ్యలేదు అని.

మాత్రలు మాత్రం నేను తప్పించలేదు. 2022 ఫిబ్రవరిలో పెరట్లో తల తిరిగి పడిపోయినప్పుడు ఇక్కడి డాక్టరు రాసిన తలతిప్పు మాత్ర, పూటకొకటి. ఆ చీటీ చిరిగిపోతుందని లామినేషన్ చేయించాను. మందుల షాపు హరిబాబు చూసి, "మీలాటోలు ఊర్లో పది మందుంటే మాకు పని సులువమ్మా" అన్నాడు. ఇంట్లో ఎవరూ అనలేదు అలాంటి మాట.

జూలై 7, ఆదివారం

కొత్తవలస నుంచి కన్యాకుమారి వచ్చింది. ఆడపడుచు వస్తుందని చేపల పులుసు, గారెలు. ఆదివారం సూర్యదేవుడి గుడికి జనం ఎక్కువ కాబట్టి ఈయన షాపులోంచి కదలలేదు.

కుమారి అత్త పక్కన కూర్చుని, "అమ్మా, ఏటే ఇలగైపోనావు? నన్ను సూసి నవ్వవేటి?" అని ఏడ్చింది. అత్త పెదాలు కదిలాయి. కుమారి చెవి ఆనించింది. నేను గారెల కళాయి దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను.

"ఏటి? మల్లీ సెప్పు."

అత్త మళ్ళీ ఏదో అంది.

కుమారి లేచి వంటింట్లోకి వచ్చింది. "వదినా, మా అమ్మకేటెట్టినావు?"

"ఏటెడతాను? పొద్దున ఇడ్లీ ఎట్టాను."

"అది కాదు. మందెట్టేస్తంది ఉష, అంటంది మా అమ్మ. నా సెవులారా ఇన్నాను. పెట్టుడు మందేటి? సెప్పు!"

కళాయి దించేశాను. "కుమారీ, నోరు జాగర్త."

"నోరేటి జాగర్త? సూడు దాన్ని! మొకం మీద ఈగ వాల్నా తోలుకోదు. కాల్లు బిగిసిపోనాయి, సెయ్యి బిగిసిపోనాది, గొంతు పడిపోనాది. మనిసిని లోపల్నుంచి కట్టేసినట్టు నేదూ? ఊరికే వస్తాదేటి ఇలగ?"

పక్కింటి ఝాన్సీ గోడ మీద నుంచి తల పెట్టింది. ఆ గోడకి రెండు వరుసలు ఇటుక లేపించమని మూడేళ్ళుగా చెబుతున్నాను.

సాయంత్రం ఈయన వచ్చి విషయం విని, "ఆడోల్ల తగువులు నా నెత్తి మీదెట్టకండి" అని స్నానానికి వెళ్ళిపోయారు.

గారెలు ముప్ఫై నాలుగు మిగిలిపోయాయి.

జూలై 8

ఇరవై ఆరేళ్ళు.

మూడు పూటలా మాత్రలు వేశాను. నాలుక ఎత్తించి చూశాను. వాళ్ళు ఏమన్నా నా పని నేను మానను.

జూలై 14, ఆదివారం

ఝాన్సీకి పులిహోర గిన్నెడు ఇస్తే, "ఉపాసమున్నాను ఉషమ్మా" అంది. ఆదివారం ఆమె ఏనాడూ ఉపవాసం ఉండదు. పొద్దున వాళ్ళింట్లో వేపుడు వాసన కూడా వచ్చింది. గిన్నె వెనక్కి తెచ్చి నేనే తిన్నాను, నిలబడి.

అన్నం పెట్టిన చేత్తోనే, అందులో కలిపి పెడతారు పెట్టుడు మందు. అందుకే నా గిన్నె ముట్టలేదు. ఇంక ఈ వీధిలో నా చేతి వంట ఎవరూ ముట్టరు. వ్రతాలకి ప్రసాదాలు నా చేతే వండించుకునే వీధి ఇది.

విశాఖపట్నంలో నరాల పెద్ద డాక్టరుకి చూపిస్తాను. ఇది జబ్బు అని కాయితం మీద రాయించుకుని వస్తాను. ఆ కాయితం జిరాక్సులు తీయించి ఒకటి ఝాన్సీకి, ఒకటి కుమారికి ఇస్తాను.

జూలై 22, సోమవారం

పొద్దున ఏడింటి మాత్ర వేసి, కారు మాట్లాడుకుని వెళ్ళాం. అత్తని కారు ఎక్కించడానికి పదకొండు నిమిషాలు.

డాక్టరు ఆడమనిషి, చిన్నది. అత్తని బొటనవేలితో చూపుడువేలిని టకటకా కొట్టమంది. నాలుగు కొట్టేసరికి వేళ్ళు అలసిపోయినట్టు చిన్నగా అయిపోయాయి. మోచెయ్యి పట్టుకుని వంచి చూసింది. వెనక నిలబడి భుజాలు పట్టి కొంచెం లాగితే అత్త కర్రలా అలాగే వెనక్కి వచ్చేసింది, అడుగు వేసి ఆపుకోలేదు. ఆవిడే పట్టుకుంది. తర్వాత అత్తకి బాత్రూం అంటే ఈయన తీసుకువెళ్ళారు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఎంతసేపవుతుందో నాకు తెలుసు కాబట్టి పుస్తకం తీసి ముందు పెట్టాను.

పొట్లాల లెక్కలు, నడక నిమిషాలు, భోజనం నిమిషాలు. ఆవిడ పేజీలు తిప్పుతూ, "ఇంత బాగా రాసిపెట్టినవాళ్ళని నేను చూడలేదమ్మా" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పాలంటే ఆ నిమిషం చాలా సంతోషంగా ఉన్నాను.

"ఏమేం మందులు వాడుతున్నారు?"

లామినేషన్ చీటీ, మాత్రల అట్ట ఇచ్చాను. ఆవిడ అట్ట తిప్పి చూసింది. చీటీ చూసింది. మళ్ళీ పుస్తకం మొదటికి వెళ్ళింది.

"ఇది ఎన్నాళ్ళుగా వేస్తున్నారు?"

"రెండున్నరేల్లు మేడం. ఒక్క పూట తప్పలేదు."

"ఇందులో పదిహేను రోజులని ఉందమ్మా."

చీటీ మీద వేలు పెట్టి చూపించింది. గీతలాంటి గుర్తు, పక్కన పదిహేను. నేను అది డాక్టరు సంతకంలో భాగం అనుకున్నాను.

మొదట కొన్నవి అయిపోయిన పూట తల తిరుగుతోందని అత్త అంది. అందుకని ఆ పూటే మళ్ళీ కొని వేశాను. హరిబాబుని అడిగితే వాడొచ్చన్నాడు. ఇదంతా ఆవిడకి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మెల్లగా చెప్పింది: మనం చెయ్యి ఎత్తాలన్నా, అడుగు వెయ్యాలన్నా, నవ్వాలన్నా మెదడులో ఒక రసాయనం పని చెయ్యాలట. పెద్దవాళ్ళు ఈ మాత్ర ఎక్కువకాలం వేసుకుంటే అది పని చెయ్యకుండా అడ్డుపడుతుందట. పార్కిన్సన్ జబ్బులాగే ఉంటుందట. బిగుసుకుపోవడం, వణుకు, కదలని ముఖం, తగ్గిపోయిన గొంతు, గుమ్మం దగ్గర అతుక్కుపోయే పాదాలు, అన్నీ అదే. మెట్ల సంగతి అడిగాను. మెట్టు కళ్ళ ముందు కనిపిస్తుంది కాబట్టి కాలు లేస్తుందట, ఖాళీ నేల మీద అలా పట్టు దొరకదట. నటన కాదట.

"మాత్ర ఇవాళే ఆపెయ్యండి. నాలుగైదు నెలల్లో చాలావరకు తగ్గాలి. పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేను."

"కాయితం మీద రాస్తారా?"

రాసింది. ఈసారి అర్థం చెప్పించుకున్నాను. మందు వల్ల వచ్చిన పార్కిన్సనిజం.

నాకు కావలసిన కాయితం దొరికింది. నాలుగు మడతలు పెట్టి పర్సులో అడుగున పెట్టాను.

కారులో ఈయన, "ఏటన్నాది డాక్టరమ్మ?" అన్నారు.

"మాత్ర మార్చింది."

"అంతేనా?"

"అంతే."

వాళ్ళకి అన్నీ వివరంగా చెప్పక్కర్లేదు. అర్థం కాదు.

జూలై 23

రెండు వేల ఆరు వందల అరవై ఎనిమిది. ఉమ్మేసినవి పదకొండు, వాటి బదులు మళ్ళీ వేశాను కాబట్టి లెక్కలో తేడా లేదు.

హరిబాబు దగ్గరికి వెళ్ళాను. "పదిహేను రోజులని నాకెందుకు సెప్పలేదు?" అంటే, "సీటీ మీ దగ్గరే ఉన్నాది కదమ్మా, ప్లాస్టికేయించి మరీ దాసినారు. డాక్టరు మల్లీ సూసి ఆడమన్నారేమో అనుకున్నాను" అన్నాడు.

జూలై 28, ఆదివారం

కుమారి వచ్చి గాలి మార్పు అని అత్తని కొత్తవలస తీసుకుపోయింది. బట్టలు, టవళ్ళు, రబ్బరు షీటు సర్ది ఇచ్చాను. "ఆ తెల్ల మాత్రలింకొద్దు, డాక్టరాపమన్నాది" అని చెప్పాను. "నీ మాత్రలెవులిక్కావాలి?" అంది.

చెప్పేద్దామని కారు దాకా వెళ్ళాను. కారు దాకా వెళ్ళి నీళ్ళ సీసా ఇచ్చి వచ్చాను.

ఆగస్టు 1, గురువారం

కుమారి ఫోన్‌లో వీడియో పంపింది. రామతీర్థం దాటి ఏదో ఊరు. దాలమ్మ అనే మనిషి పెట్టుడు మందు కక్కిస్తుందట. వీడియోలో అత్త చాప మీద కూర్చుని ఉంది. ఆకు పసరు గ్లాసుడు తాగించారు. వంగడం కూడా చేతకాని మనిషి వీపు పట్టి వంచారు. గిన్నెలో వాంతి. దాలమ్మ దాన్ని పుల్లతో కెలికి, వెంట్రుకలు చుట్టిన నల్ల ముద్ద పైకి తీసి, "ఇదీ మందు. కోడలి సెయ్యి ఇది" అంది.

కింద కుమారి గొంతు: "సూసినావా వదినా? ఇంకేటి సెప్తావు?"

ఈయన రెండుసార్లు చూశారు. తల ఎత్తకుండా అడిగారు, "నువ్వేటైనా..."

"మీరూనా?"

చిల్లర లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. పది రూపాయల బిళ్ళలు ఒకవైపు, ఐదులు ఒకవైపు.

ఆగస్టు 30

అత్త చెయ్యి వణుకు తగ్గిందట. దాలమ్మ చలవట.

సెప్టెంబరు 16, సోమవారం

నా లెక్క ప్రకారం మాత్ర ఆపి యాభై ఆరో రోజు. అత్త సొంతంగా లేచి నిలబడుతోందట. కుమారి వీధి వీధికీ చెబుతోంది, కక్కించిన రోజు నుంచి లెక్కపెడుతూ.

ఇప్పుడు నేను కాయితం బయటికి తీశాననుకో. "నేను మందు పెట్టలేదు, ఇదిగో డాక్టరు రాసింది, నేను ఇచ్చిన మాత్ర వల్లే వచ్చింది" అని చెప్పాలి. ఆ వాక్యం మూడుసార్లు రాసి చూశాను. ఎటు తిప్పి రాసినా చివరికి పెట్టింది నేనే అని వస్తోంది.

మనిషి బాగుపడుతోంది. ఎలా బాగుపడితే ఏం. చెప్పకపోవడం వల్ల ఎవరికీ నష్టం లేదు.

సెప్టెంబరు 17

నాకు ఉంది.

నవంబరు 10, ఆదివారం

అత్త వచ్చింది. కారు దిగి, గేటు తీసుకుని, గుమ్మం దాటి లోపలికి నడిచింది. చిన్న అడుగులే, కొంచెం ముందుకి వంగి, ఎడమ చెయ్యి ఊగకుండా పక్కనే అంటుకుని. కానీ గుమ్మం దగ్గర ఆగలేదు. వీధిలో అందరూ బయటికి వచ్చి చూశారు. తర్వాత నన్ను చూశారు.

కుమారి అందరి ముందూ అంది: "వదినా, దాలమ్మ ఒక మాట సెప్పింది. కక్కించిన కరుసు ఎట్టినోలే ఇయ్యాలట. నేకపోతే మల్లీ పట్టుకుంటాదట. రెండువేల నూట పదార్లు, నాటుకోడి ఆరొందల యాబై. ఇప్పటికి నాను ఇచ్చినాను. నువ్వు నాకిచ్చెయ్యి."

"నానేటీ ఎట్టలేదు. నానివ్వను."

ఆ మాట అంటున్నప్పుడు అత్త నా వైపు చూసింది. కనుబొమలు పైకి లేచాయి. రెండేళ్ళ తర్వాత ఆ ముఖం మీద ఏదో కదలడం నేను చూశాను.

నవంబరు 15

అత్త నా చేతి అన్నం తింటోంది. కుమారి వద్దని చెప్పి వెళ్ళినా తింటోంది. తినడానికి ఇరవై నిమిషాలు.

నవంబరు 19, మంగళవారం

మధ్యాహ్నం పొట్లాలకి కూర్చున్నాం. అత్త కాగితం మడుస్తోంది, తన పాత పద్ధతిలోనే, నెమ్మదిగా. ఇంట్లో ఇద్దరమే. ఇంక పట్టలేకపోయాను.

"అంత మాటెలాగన్నావత్తా? మందెట్టానని కుమారితో ఎలాగన్నావు? ఇరవయ్యారేల్లు సేసినాను నీకు."

కాగితం కింద పెట్టింది. "అన్నాను. ఎట్టలేదేటి?"

"పెట్టుడు మందు..."

"పెట్టుడు మందని నానెప్పుడన్నానే? మందెట్టేస్తంది అన్నాను. ఆ తెల్ల మాత్ర! నోట్లో ఏలెట్టి తోసినావు కదే మూడు పూటలా. అది పడ్డ కాణ్నుంచి నా కాల్లు నాయి కావు, నా సెయ్యి నాది కాదు. సెప్దామంటే గొంతు రాదు. ఉమ్మేస్తే ఇంకోటెట్టినావు. మరెవులికి సెప్పుకోను? నా కూతురొస్తే దాన్తో సెప్పినాను. అది దాని సెవులికి తగ్గట్టు ఇన్నాది."

గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. కానీ ప్రతి మాటా వినిపించింది.

"మరి దాలమ్మ దగ్గిరికెందుకెల్లినావు? కాదని సెప్పొచ్చు కదా."

"లాక్కెల్తే ఎల్లనేటి? అప్పుడు కాల్లు నాయా?"

లేచి వెళ్ళి పర్సు అడుగు నుంచి కాయితం తెచ్చాను. చదివి తెలుగులో చెప్పాను. పదిహేను రోజుల సంగతి కూడా చెప్పాను. చేతులు పట్టుకోబోయాను. అత్త చేతులు వెనక్కి తీసుకుంది. ఇప్పుడు తీసుకోగలదు.

"ఇది ఎప్పటి కాయితం?"

"జూలైది."

వేళ్ళ మీద లెక్కపెట్టింది. "నాలుగు నెల్లు మడిసి దాసినావా?"

"భయమేసింది అత్తా."

"నాకూ ఏసింది. రెండేల్లు. బాత్రూం గుమ్మం కాడ నిలబడి."

చాలాసేపు ఇద్దరం పొట్లాలు కట్టాం. తర్వాత అడిగింది, "ఎన్ని ఉమ్మేసినానని రాసినావు నీ పుస్తకంలో?"

"పదకొండు."

"పద్దినిమిది. ఏడు నీకు దొరకనేదు."

ఆ మాట అంటున్నప్పుడు పెదవి ఒక పక్కకి లేచింది. అది నవ్వే. నన్ను చూసి నవ్విన నవ్వు కాదు.

నవంబరు 20

ఈయనకి చెప్పాను. హరిబాబు మీద కేసు వేస్తానని కేకలు వేసి, పొద్దుగూకే వేళకి చల్లబడ్డారు. "ఇంక ఎవులికీ సెప్పకు, షాపుకి సెడ్డ పేరు" అన్నారు. కోడలు చేతబడి చేసిందన్న పేరు నాలుగు నెలలు ఉన్నప్పుడు షాపుకి ఏం కాలేదు కాబోలు.

కుమారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. మాత్ర, చీటీ, డాక్టరు, కాయితం. అడ్డురాకుండా విన్నది. అయ్యాక అంది, "ఏదైతేనేటి వదినా, మందెట్టింది నువ్వే కదేటి."

కాదనడానికి నోరు తెరిచాను. ఏ మాటతో కాదనాలో వెతుక్కున్నాను.

"నువ్వే సెప్పు, నాను తప్పన్నానా?"

"నేదు" అన్నాను.

ఝాన్సీకి జిరాక్సు ఇవ్వలేదు.

నవంబరు 21, గురువారం

అయిన పనులు: బట్టలు ఒక బాల్చీ. దోసెలు. షాపుకి వత్తులు, కర్పూరం సర్దడం. అత్తకి స్నానం అక్కర్లేదు, తనే చేసింది, వీపు మాత్రం నేను రుద్దాను. అత్త కట్టిన పొట్లాలు గంటకి అరవై రెండు. ఎడమ చెయ్యి ఇంకా వెనకబడుతోంది. అది ఇంతేనేమో, ఇంకా వస్తుందేమో డాక్టరు చెప్పలేదు. లెక్క ఇంక నేను రాయను, రాయాలంటే అత్తని అడిగి రాస్తాను.

పాత పేజీలో ఉమ్మేసినవి పదకొండు కొట్టేసి పద్దెనిమిది అని దిద్దాను. వేసినవి రెండు వేల ఆరు వందల అరవై ఒకటి.

కన్యాకుమారికి, దాలమ్మ ఖర్చు కింద రెండు వేల నూట పదహారు, కోడికి ఆరు వందల యాభై. మొత్తం రెండు వేల ఏడు వందల అరవై ఆరు రూపాయలు. పెట్టినవాళ్ళే ఇవ్వాలి కాబట్టి షాపు డబ్బులోంచి కాకుండా నా చీటీపాట డబ్బులోంచి ఇచ్చాను. ముట్టిందని కుమారి కబురు పెట్టింది. ఈ బాకీ చెల్లు.